తవుడు గంపలో పూరేడు

మా ముత్తాత పల్లంరాజు దగ్గరికి ఎవరైనా జబ్బుపడ్డ పిట్టను తెచ్చి, ఇది సరిగా నిలబడడంలేదండి, ఏం పెట్టమంటారు అని అడిగితే, ఆయన పిట్ట వంక చూసేవాడు కాదట. తెచ్చినవాడి కాళ్ళ వంక చూసి, "మీ ఇంట్లో బియ్యం ఎన్ని పోట్లు దంపుతారు?" అని అడిగేవాడట. వచ్చినవాడికి ఒళ్ళు మండేది. పిట్ట జబ్బుకీ మా ఇంటి బియ్యానికీ ఏం సంబంధమని గొణుక్కుంటూనే ఉన్న సంగతి చెప్పేవాడు. అంతా విన్నాక మా ముత్తాత, "పిట్ట బాగుపడుతుందిలే గానీ, ముందు ఇంటికెళ్ళి ఆడవాళ్ళ చేతిలో రోకలి దింపించు" అనేవాడట. సగంమంది ఆయనకు మతి చలించిందనుకున్నారు. మిగతా సగంమంది వెళ్ళి రోకలి దింపించారు.

ఆయన వైద్యుడు కాడు, చదువుకున్నవాడూ కాడు. కడియం కాలవ గట్టు పక్కన కొద్దిపాటి వరిచేను, ఒక పాడిగేదె, తాటాకిల్లు, పెళ్ళాం సంపూర్ణమ్మ, ఒక్క కొడుకు రాముడు. ఊళ్ళో అందరిలాగే దుక్కి, నాట్లు, కోతలు. అందరికీ లేనిది ఆయనకున్నది పిట్టల పిచ్చి ఒక్కటే. అరుగు మీద ఎప్పుడూ ఒక పూరేళ్ళ పంజరం ఉండేది. పూరేడంటే, ఇప్పుడు హోటళ్ళలో వేపుడు చేసి పెడుతున్న కౌజుపిట్ట ఉంది చూశారా, దానికి వేలువిడిచిన చుట్టం. పిడికిట్లో ఇమిడే పిట్ట, ఎండుగడ్డి రంగు, తోక ఉందో లేదో వెతికి చూసుకోవాలి. ఎగరమంటే బద్ధకం, పరిగెత్తమంటే సరదా.

పంజరం ఆయనే అల్లుకునేవాడు. పక్కలకు వెదురు బద్దలు, పైన మాత్రం పాత పంచె గుడ్డ. పూరేడు బెదిరిందంటే పక్కకు పారిపోదు, నిట్టనిలువుగా పైకి లేస్తుంది. పైన కూడా బద్దలే ఉంటే తల పగిలి చస్తుంది. కోతలయ్యాక ఆ పంజరాన్ని గోదారి లంకల్లోకి మోసుకెళ్ళి, గడ్డిలో పెట్టి, చుట్టూ వల పన్ని దూరంగా కూర్చునేవాడు. లోపలున్న ఆడపిట్ట డుర్ర్‌మని డప్పు మోగినట్టు కూసేది. నా గడ్డిలో నీ కూతేమిటని బయటి ఆడపిట్ట పోట్లాటకొచ్చి వలలో పడేది. అలా కూసి రప్పించే పెంపుడు పిట్టను దీమం పిట్ట అంటారు. పూరేళ్ళలో పోట్లాడేది ఆడది, గుడ్ల మీద కూర్చుని పిల్లల్ని సాకేది మగది. ఈ సంగతి సంపూర్ణమ్మకు భలే నచ్చింది. ఇంటిపని ఎక్కువైన రోజున ఆవిడ పంజరం వంక చూసి, వాటికున్న న్యాయం మనకు లేదు కదా అని పైకే అనేది.

ఆయన దీమం పిట్టలన్నిటిలోకీ పెద్దది, పొగరుబోతుది ఒకటుండేది. దాని పేరు దొరసాని. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోని రోజున కూడా ఆయన దొరసానితో మాట్లాడేవాడని మా ఇంట్లో ఒక వాడుక.

తిండి విషయంలో ఆయనకు పెద్ద పట్టింపు. కొర్రలు, సామలు కలిపి వేసేవాడు. పొద్దున్నే పుట్ట తవ్వి కాసిని చెదపురుగులు, వాటి మీద చిటికెడు ఏటి ఇసుక. లంకల్లో అవి ఏం తింటాయో ఇంట్లోనూ అదే పెట్టాలి అనేవాడు. కొర్రలకు మా వైపు కరువు కనక, మెట్టనుంచి కొడుకు చేత తెప్పించుకునేవాడు. రాముడు బియ్యం పడవ మీద పనిచేసేవాడు. రాజమండ్రి నుంచి సామర్లకోట దాకా కాలవలో పోయి రావడమే వాడి బతుకు. తిరిగి వచ్చేటప్పుడు ఒక మూట కొర్రలు పడవలో పడేసుకొచ్చేవాడు.

ఈ పిట్టల గోల ఇంత వివరంగా ఎందుకంటే, అవి లేకపోతే మా నాన్న లేడు, మా నాన్న లేకపోతే నేను లేను. ఇదంతా నాకు చెప్పింది రాముడి భార్య రామతులసి, అంటే మా నాయనమ్మ. నవ్వుతూ మొదలుపెట్టి, మధ్యలో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వుతూనే ముగించేది.

రాజమండ్రి దగ్గర గోదారి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక పుట్టినవాళ్ళకు అప్పటికి మనవలు కూడా పుట్టుకొస్తున్నారు. కాలవ నీళ్ళొచ్చి ఊళ్ళన్నీ వరిచేలయ్యాక మావాళ్ళకు తెల్లన్నం మీద ఒక గర్వం పట్టుకుంది. సంపూర్ణమ్మ వాళ్ళమ్మ కొర్రన్నం తిని, చోడంబలి తాగి పెరిగిన మనిషే. ఆ మాట ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం సంపూర్ణమ్మకు కోపం వచ్చేది. ఎవరింట్లో అన్నం ఎంత తెల్లగా ఉందో దాన్నిబట్టి వాళ్ళ మర్యాద. కూలివాళ్ళకు ఒకపోటు బియ్యం, ఇంట్లోవాళ్ళకు రెండుపోట్లు. అల్లుడొచ్చినా, వియ్యపురాలొచ్చినా మూడోసారి కూడా రోట్లో పోసి దంచి, మీద పొర అన్నది లేకుండా రాలగొట్టి, చెరిగి, నీళ్ళు తేటపడేదాకా కడిగి వండాలి. దాన్ని ముప్పోటు బియ్యం అనేవారు. రాలిన తవుడు గేదెకు, కడిగిన నీళ్ళు కుడితిలో కలిపి మళ్ళీ గేదెకే. నన్నడిగితే ఆ రోజుల్లో మా ఇంట్లో తిండి తిన్నది గేదె ఒక్కతే.

రామతులసిది పెద్దాపురం వైపు మెట్ట ఊరు. చిన్నప్పుడే తల్లి పోతే మేనమామ పెంచాడు. తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. ఈ పిల్లకు పుట్టిల్లంటూ చెప్పుకోవడానికి మేనమామ ఇల్లే. ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. పురుడు ఇక్కడే పోస్తామని సంపూర్ణమ్మ ముందే కబురు చేసింది. తల్లి లేని పిల్ల, పుట్టింటి ముచ్చట ఒక్కటి కూడా తక్కువ కాకూడదని ఆవిడ పట్టుదల. కోడలు నెల తప్పిందని తెలిసినప్పటినుంచీ దానికి వేరే కుండ. పాత బియ్యం తీసి, ఇంకొకరి చేతికివ్వకుండా తనే రోకలి పట్టి, ముప్పోటు వేసి వండిపెట్టేది. రెక్కలు లాగేస్తున్నా మానేది కాదు. విస్తట్లో ఆ అన్నం మల్లెపూలు గుమ్మరించినట్టుండేదట. "నెలలు నిండేకొద్దీ నాకు ఆకలే చచ్చిపోయింది. ఆవిడ ఆదరం చూసి, వద్దనడానికి నోరు రాక తినేదాన్ని" అని మా నాయనమ్మ చెప్పేది.

శ్రావణమాసంలో కొడుకు పుట్టాడు. సంపూర్ణమ్మ ఇరుగుపొరుగులకు బెల్లం పంచింది. ఆ తర్వాత పథ్యం మొదలు. మా వైపు బాలింతకు నెల్లాళ్ళూ పప్పు లేదు, ఆకుకూర లేదు, పెరుగు ఊసే లేదు. నీళ్ళు కూడా కొలిచి పోస్తారు. వేడన్నంలో నెయ్యి వేసుకుని వెల్లుల్లి కారం, అంతే. ఆ అన్నం కూడా ఎలాంటిదో చెప్పానుగా.

అదే సమయానికి గోదారి పొంగింది. లంకలన్నీ మునిగాయి. ఎక్కడో ఎగువన కాలవకు గండి పడి పడవలు ఆగిపోయాయి. రాముడు సామర్లకోటలో చిక్కుకుపోయాడు. ఇంట్లో కొర్రలు అయిపోయాయి. పుట్టలు నానిపోయి చెదపురుగులు కూడా దొరకలేదు. పల్లంరాజు తల పట్టుకుంటే సంపూర్ణమ్మే ముందుకొచ్చింది. మనవడు పుట్టిన సంతోషంలో ఆవిడకు ఊళ్ళో కాకుల మీద కూడా ప్రేమ పుట్టుకొచ్చింది. ఇన్నాళ్ళూ నీ పిట్టలకు మెట్టతిండి పెట్టి చంపావు, ఇకనుంచి మర్యాదగా నేను పెడతానంది. కోడలి కోసం దంపిన బియ్యంలోంచి నూకలు తీసి, వాటిని కూడా తేటగా కడిగి పంజరంలో పోసింది. పిట్టలు మొదట్లో బాగానే తిన్నాయి.

రామతులసికి కాళ్ళు నీరు పట్టాయి. బాలింతకు కాస్త నీరు పట్టడం మామూలే అన్నారు. తర్వాత అరికాళ్ళు తిమ్మిరెక్కి, నేల ఎక్కడుందో తెలిసేది కాదు. పిక్కలు తాకితే నొప్పి. మంచం దిగి నాలుగడుగులు వేస్తే ఆయాసం. పథ్యం చాలడంలేదని సంపూర్ణమ్మ ఇంకా బిగించింది, నీళ్ళు తగ్గించింది, బియ్యాన్ని ఇంకాస్త దంచింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు తయారైంది పని.

అన్నిటికన్నా భయపెట్టింది పసివాడు. పుట్టినప్పుడు వాకిట్లోకి వినబడేలా కేరుమన్నాడట. రానురాను గొంతు సన్నబడింది. చివరికి నోరు తెరిచి, మొహం ఎర్రబడి, కాళ్ళూ చేతులూ తన్నుకుంటూ ఏడుస్తున్నాడు, శబ్దం మాత్రం రావడంలేదు. వాడు ఏడుస్తున్నాడని తెలియాలంటే పక్కనే కూర్చుని చూడాలి. మా నాయనమ్మకు అందుకే కన్ను మూతపడేది కాదు. కన్ను మూస్తే వాడి ఏడుపు తప్పిపోతుందని భయం.

మంత్రసాని వచ్చి చూసి పెదవి విరిచింది. బిడ్డకు పాలలో బలం అందడంలేదని, తల్లికి పూరేడు రసం తాగించమని, వారం తిరిగేలోగా లేచి తిరుగుతుందని చెప్పింది. లేకపోతే అని మొదలుపెట్టి ఆ మాట మింగేసింది. పల్లంరాజు ఒక్క క్షణం కూడా వెనకాడలేదు. దొరసానితో సహా అన్నీ పోయినా సరేనని పంజరం దగ్గరికి వెళ్ళాడు. బలమైన పిట్టను ఎంచుదామని చెయ్యి పెడితే, ఎప్పుడూ వేలు పొడిచే పిట్టలు కదలకుండా చేతిలోకి వచ్చేశాయి. నేల మీద వదిలితే కాలు ఎత్తెత్తి వేసి, రెండడుగులకే తూలి పక్కకు పడ్డాయి. ఒకటి మెడ వెనక్కి వాల్చి ఆకాశం చూస్తోంది.

జబ్బు పిట్టను బాలింతకెలా పెడతాడు. లంకలు నీళ్ళలో ఉన్నాయి, కొత్త పిట్టలు ఎక్కడా దొరకవు. కోడలు బతకాలంటే ముందు ఈ పిట్టలు లేవాలి. ఆయనకు ఆ రోజునుంచి వేరే లోకం లేదు. చలేమోనని పంజరాన్ని పొయ్యి గట్టు దగ్గర పెట్టాడు. సంపూర్ణమ్మ దిష్టి తీసింది. గుడ్డ మార్చాడు, నీళ్ళ ముంత మార్చాడు, వెల్లుల్లి రసం చుక్కలు పోశాడు. అయినా రెండు పిట్టలు చచ్చాయి. తిండి గురించి మాత్రం ఆయనకు తట్టలేదు. తడుతుందా, ఇంట్లో అన్నిటికన్నా గొప్ప బియ్యమే కదా వేస్తున్నది.

ఒక సాయంత్రం దొరసాని కూడా మెడ వెనక్కి వాల్చేసింది. దాని గొంతు నులమడానికి ఆయనకు చేతులు రాలేదు. పోయేదేదో మెత్తగా పోనీ అని, దంపుళ్ళ పాకలో గేదె కోసం పెట్టిన తవుడు గంపలో గుంట చేసి, అందులో పడుకోబెట్టాడు. తవుడు వెచ్చగా ఉంటుంది. పైన బుట్ట బోర్లించి, అటు తిరిగి చూడకుండా ఇంట్లోకి వచ్చాడు.

పొద్దున్నే పాతిపెడదామని పలుగు పట్టుకుని పాకలోకి వెళ్ళాడు. బుట్ట ఎత్తాడు. దొరసాని రొమ్ములోతు తవుట్లో నిలబడి ఉంది. ముక్కు నిండా తవుడే. ఆయన్ను చూసి కాస్త తూలింది, నిలదొక్కుకుంది, మళ్ళీ వంగి రెండు ముక్కులు తవుడు తింది. పల్లంరాజు అక్కడే గేదె పక్కన చతికిలబడ్డాడట. దానికి మేత వేయడం కూడా మరిచిపోయి చాలాసేపు పిట్ట వంకే చూస్తూ కూర్చున్నాడు. గేదె కూడా తన గంపలో ఈ పిట్టెవరన్నట్టు చూస్తూ నిలబడింది.

మొదట ఆయన అదంతా వెచ్చదనం మహిమ అనుకున్నాడు. మిగతా పిట్టల్ని ఇంకో గంపలో ఊక పోసి అందులో పెట్టాడు. అవి పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. తీసి తవుడు గంపలో పెట్టాడు. తినలేని వాటికి నీళ్ళతో తడిపి ముక్కు సందున పెట్టాడు. మర్నాటికి ఒకటి కాలు కూడదీసుకుంది. ఆ మర్నాటికి అన్నీ తిరుగుతున్నాయి, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. మొగుడు మాటిమాటికీ తవుడు తీసుకుపోతుంటే సంపూర్ణమ్మ అంత దిగుల్లోనూ, తవుటికి వచ్చిన చెయ్యే ధనానికీ వస్తుందంటారు, గేదె నోటిది కొట్టకండి అని దెప్పింది.

ఇక రసం పెట్టవచ్చు. కత్తిపీట ముందుకు లాగారు. ఏ పిట్టను ఇవ్వాలా అని పల్లంరాజు అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. అప్పుడే రామతులసి గోడ పట్టుకుని గదిలోంచి వసారాలోకి వచ్చింది. కాలు ఎత్తెత్తి వేస్తోంది. పాదం నేలకు తగిలిందో లేదో చూసుకుని మరీ రెండో అడుగు వేస్తోంది. తూలి, స్తంభం పట్టుకుంది. ఆ నడక ఆయన ఈమధ్యే చూశాడు.

భార్యను దంపుళ్ళ పాకలోకి పిలిచాడు. ఆవిడ చేటలో బియ్యం పట్టుకునే వచ్చింది.

"నువ్వు పిట్టలకు పోసిన నూకలు ఏ బియ్యంలోవే?" అని అడిగాడు.

"పిల్లకు దంపిన బియ్యంలోవే. వాటికి వేరే దంపుతానేంటండి?"

"అదే నా భయం."

ఆవిడ తెలివైన మనిషి. ఇంకో మాట అవసరం లేకపోయింది. చేట కింద పెట్టి, ఆ తెల్లబియ్యం వంక చూస్తూ రోటి మీద కూర్చుండిపోయింది. ఎవరూ రోటి మీద కూర్చోకూడదని ఊరందరికీ చెప్పే మనిషి.

"ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే పిల్లను తినేశానంటారా?"

"అలా ఎందుకంటాను. నువ్వు తక్కువ పెట్టలేదు. మరీ ఎక్కువ దంచావు. పిట్టకు చాలని తిండి పిల్లకెలా చాలుతుందే?"

ఆవిడ ఒప్పుకోలేదు. ఒప్పుకోవడమంటే అంత తేలికా. రెక్కలు విరిగేలా దంచి, కన్నకూతురికి కూడా చెయ్యనంత చేసిన మనిషిని పట్టుకుని, నువ్వు పారబోసిందే మందు అంటే ఎవరికి మాత్రం మింగుడుపడుతుంది. పైగా బాలింతకు తవుడు పెట్టడమా. తల్లి లేని పిల్ల కదాని గేదె తిండి పెట్టారని ఊరు ఉమ్మేస్తుందని ఏడ్చింది. ఆయనకు కోపం రాలేదు. పిట్టలు లేచాయన్నది తప్ప తన దగ్గర వేరే సాక్ష్యమేదీ లేదని ఆయనకూ తెలుసు.

వాళ్ళ మాటలు వసారాలోకి వినబడ్డాయి. రామతులసి స్తంభం దగ్గరే కూర్చుని, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "అత్తయ్యగారండి, మా మామయ్య ఇంట్లో తవుడూ బెల్లమూ కలిపి ఉండ చేసి పెట్టేవారండి. దాచిపెడితే దొంగతనంగా కూడా తినేదాన్ని. ఇక్కడ అడిగితే మెట్టబుద్ధి పోనిచ్చుకోలేదంటారేమోనని ఊరుకున్నాను. పెట్టండి, తింటాను."

సంపూర్ణమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. గేదె గంపలోది ముట్టుకోలేదు. కొత్తగా వడ్లు పోసి, దంచి, ఆ తాజా తవుడును గుడ్డలో జల్లించింది. నేతిలో పచ్చివాసన పోయేదాకా దోరగా వేయించి, బెల్లం, శొంఠి కలిపి ఉండలు కట్టింది. నెయ్యి, బెల్లం, శొంఠి, మూడూ బాలింత తినేవే. పథ్యం చెడలేదు, ఆవిడ మాటా పోలేదు. మొదటి ఉండ తనే తింది. మొగుడికీ కోడలికీ ఎదురుగా నిలబడి, పూర్తిగా నమిలి మింగింది. సాయంత్రం దాకా తనకేమీ కాలేదని నిర్ధారణ చేసుకున్నాకే కోడలి చేతిలో పెట్టింది. ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదని మా నాయనమ్మ చెప్పేది.

ఆ పూటనుంచి కుండలోకి ఒకపోటు బియ్యమే ఎక్కింది, కూలివాళ్ళు తినే ఎర్రటి బియ్యం. రెండో రోజున రామతులసి మిట్టమధ్యాహ్నం లేచి కూర్చుని, ఆకలేస్తోందండి అంది. సంపూర్ణమ్మ చేతిలో ఉన్న గరిటె కిందపడింది. ఎన్ని నెలలుగానో ఆ ఇంట్లో వినబడని మాట అది. ఆ తర్వాత కాళ్ళ నీరు తీసింది. నిద్ర పట్టింది. ఒక పొద్దున అరికాలికి పేడ అలికిన నేల చల్లగా తగిలిందని చెప్పి ఏడ్చేసిందట. సుఖంగా ఏడ్చాను అనేది.

పూరేళ్ళను కొయ్యలేదు. మంత్రసాని వచ్చి, చూశారా, రసం ఎలా పనిచేసిందో అంటే, మా వాళ్ళు అవునండి, మీ చలవేనండి అన్నారు. ఆవిడను నొప్పించి ఎవరికేం లాభం. దొరసాని పంజరంలోంచి డుర్ర్‌మంది. గండి పూడ్చాక రాముడు కొర్రల మూటతో వచ్చాడు. పిట్టలకని తెచ్చిన ఆ కొర్రల్లో సగం రామతులసే వండుకు తింది. అత్తగారు ఎదురుగా కూర్చుని వడ్డించింది.

తర్వాతి రోజుల్లో మా ముత్తాతకు తవుడు పల్లంరాజు అని పేరు పడిపోయింది. ఆయనకది వెక్కిరింతగా తోచలేదు. తవుట్లో అంత ఏముందండి అని ఎవరైనా గట్టిగా అడిగితే, "నాకేం తెలుసు, దొరసానికి తెలుసు" అనేవాడు. ముసలితనంలో కూడా ఎవరి కాళ్ళు నీరు పట్టాయన్నా కర్ర పట్టుకుని బయల్దేరి, వాళ్ళ రోలు చూసొచ్చేవాడు. సంపూర్ణమ్మ మాత్రం మర్యాద వదులుకోలేదు. చుట్టాలొస్తే ముప్పోటు బియ్యమే వండేది. కాకపోతే విస్తరి చివర ఒక తవుడుండ పెట్టి, అది తిన్నాకే లేవనిచ్చేది.

పసివాడి సంగతి చెప్పడం మిగిలింది. తల్లి కోలుకున్నాక కూడా వాడి గొంతు వెంటనే రాలేదు. పాలు బాగా తాగుతున్నాడు, ఒళ్ళు చేస్తున్నాడు, ఏడుపు మాత్రం ఆ మూగ ఏడుపే. ఎవరూ పైకి అనలేదు గానీ వాడు అలాగే ఉండిపోతాడేమోనని అందరి లోపలా ఒక గుబులు.

ఒక పొద్దున సంపూర్ణమ్మ బుట్టలో బియ్యం వేసుకుని కాలవ రేవులో కడుగుతోంది. పక్కింటి జగదాంబా, ఇంకొందరూ బట్టలు ఉతుకుతున్నారు. ఉన్నట్టుండి గట్టు మీదనుంచి ఒక కేక వచ్చింది. సన్నంది కాదు, గొంతు నిండుగా, కోపంగా, ఆగకుండా. బట్టల చప్పుడు మించి వినబడుతోంది. సంపూర్ణమ్మ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. బుట్ట ఒరిగి ఎర్రబియ్యం కాలవలోకి పోతోంది. చేపపిల్లలు చేరాయి. ఆవిడ చూసుకోలేదు.

"మీ మనవడిలా ఉన్నాడే, గుక్కపట్టాడు. ఇవి నేను చూస్తాలే, వెళ్ళి ఊరుకోబెట్టొదినా" అంది జగదాంబ.

సంపూర్ణమ్మ మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఉండొదినా, కాసేపు ఏడవనీ" అంది. "వింటాను."